తలారికీ ఠాణాకూ పొత్తు ఎలా ఉండేది?

తలారులు, కావలికారుల వంటి పాతకాలపు గ్రామ రక్షకులకూ పోలీసులకూ మధ్య సహకారం నిజంగా ఉండేదా అని అడిగారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులను రద్దు చేసేంతవరకు మా నాయన అనంతపురం జిల్లాలోని ఒక చిన్న ఊరికి మునసబుగా, అంటే సర్కారు తరఫు గ్రామ పెద్దగా, ఉన్నారు గనుక, ఆ సహకారాన్ని నేను మా అరుగు మీద నుంచే చూశాను.

1981 వేసవిలో మా చిన్నాన్న ఎద్దుల జత రాత్రికి రాత్రే మాయమైంది. తెల్లవారేసరికి తలారి వచ్చి, కొట్టం ముందు గొంతుకూర్చుని, తేమ ఆరని మట్టిలోని ఒక గుర్తును నాయనకు చూపి, "సామీ, ఇది మన ఎర్రెద్దుదే, ఎడమ గిట్ట పగిలి ఉండాది చూడండి" అన్నాడు. దానిమీద గంప బోర్లించి, ఎవరూ తొక్కకుండా నన్ను కాపలా పెట్టాడు. ఆ జాడ వెంట వంక దాటి పొరుగూరి పొలిమేర దాకా వెళ్లి, అక్కడి తలారికి దానిని ఒప్పగించి వచ్చాడు. పొలిమేర దాటి వచ్చిన జాడను అందుకోవడం అవతలి తలారి బాధ్యత అన్నది వాళ్లలో వాళ్లకున్న కట్టుబాటు.

తరువాత నాయన రాసిన రిపోర్టును మా తలారి తలపాగాలో దోపుకొని పది మైళ్లు నడిచి ఠాణాకు వెళితే, దానిని అందుకునే ముందు అతనిచేత నీళ్లు మోయించి, కట్టెలు కొట్టించారు. పోలీసులు మరునాటి మధ్యాహ్నం వచ్చి, మా ఇంట భోంచేసి, గంప ఎత్తి చూసి, మళ్లీ బోర్లించి వెళ్లారు. నాలుగో రోజు సంతలో ఆ పగిలిన గిట్టను గుర్తుపట్టింది పొరుగూరి తలారి. కేసు కాగితంలో మాత్రం "నమ్మదగిన సమాచారం మేరకు" అని రాశారు. నాయన చదివి వినిపించినప్పుడు మా తలారి "గంప సంగతి రాసినారా సామీ?" అని మాత్రం అడిగాడు.

1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ గ్రామ పెద్దలకూ తలారులకూ పోలీసు పనిని అధికారికంగా ఒప్పగించింది. 1859లో ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడ్డాక పని ఊళ్లోనే ఉండిపోయి, హోదా ఠాణాకు చేరింది. దొంగసొత్తు కొనేవారి గురించీ, అనుమానాస్పద మరణాల గురించీ తెలపడం గ్రామోద్యోగుల విధి అని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 40వ సెక్షన్ చెప్పింది గాని, తెలపడానికి వచ్చినవాడికి చెంబెడు మజ్జిగైనా ఇమ్మని ఏ సెక్షనూ చెప్పలేదు. మా తలారి బతికింది కళ్లంలో రైతులు తన వంతుగా కొలిచిన మేర గింజల మీద; రైతుకు కోపమొస్తే ఆ కొలతా తగ్గేది.

ఇప్పుడు మా ఊరి కూడలిలో సీసీ కెమెరా ఉంది, కాని మేకలు పోయేది కరెంటు లేని రాత్రులలోనే. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చి, వాటిలో మహిళా పోలీసులను నియమించినప్పుడు నేను ఆశపడ్డాను. మా ఊరికి వచ్చిన అమ్మాయి చురుకైనదే, కాని ఆమె పొద్దంతా సర్వేలకూ యాప్‌లకూ సరిపోతున్నది.

మొన్న వినాయక చవితికి ముందు, పండుగలో గొడవలు రాకుండా పోలీసులు వేసే శాంతి సంఘంలో సభ్యుడిగా ఉండమని నన్ను పిలిచారు. ఆ తలారి మనవడు ఊళ్లోనే ఉన్నాడు, అతన్ని కూడా పిలిచారా అని అడిగాను. చూస్తామన్నారు.