సెన్సర్ మార్చినా చెక్ ఇంజన్ లైటు ఆరలేదు, బిల్లు డబ్బులు రాబట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాను, సొంతానికే. ఈమధ్య హైవేలో పెనుకొండ దగ్గర లారీని దాటబోతుంటే పికప్ ఒక్కసారిగా పడిపోయింది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. బెంగళూరులో సర్వీస్ సెంటరు వాళ్లు స్కానర్ పెట్టి, ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయిందని కొత్తది వేసి రూ.58,000 తీసుకున్నారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే లైటు. రెండోసారి థ్రాటిల్ క్లీనింగ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటూ రూ.16,000 బిల్లు వేసి, కట్టేదాకా బండి ఇవ్వమన్నారు. కట్టి తెచ్చుకున్నాను. లైటు ఇంకా ఆరలేదు. ఫోన్ చేస్తే ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) మార్చాలంటున్నారు. ఇక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి, సెన్సర్ తర్వాత ఉండే రబ్బరు గొట్టం అడుగున చీలిందని చూపించాడు. కేసు వేయొచ్చా? బెంగళూరు తిరగాలా? కారు డబ్బులు మొత్తం అడగొచ్చా? గొట్టం ఇప్పుడే మార్పించేయనా? అన్నట్టు, కారుకు పాత ఓనరు బిగించిన కోన్ ఫిల్టర్ (కంపెనీ ఎయిర్ ఫిల్టర్ బదులు వేసే కోను ఆకారపు ఫిల్టర్) ఉంది.

జవాబు: చివర్లో అడిగినదానికి ముందు చెబుతాను. గొట్టం ఇప్పుడే మార్పించకండి. మీ కేసుకు ప్రాణం ఆ చీలికే. మార్చేసి, పాతది షెడ్డులో పారేస్తే మీ చేతిలో మిగిలేది మెకానిక్ నోటిమాట ఒక్కటే.

ఎయిర్ ఫ్లో సెన్సర్ పని ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో కొలవడం. ఆ లెక్కను బట్టి ఈసీయూ పెట్రోలు వదులుతుంది. సెన్సర్ దాటిన తర్వాత గొట్టం చీలితే అక్కడినుంచి లెక్కకు రాని గాలి లోపలికి పోతుంది. అప్పుడు సెన్సర్ బాగానే ఉన్నా స్కానర్‌లో పీ0171 వంటి లోపం కోడ్ పడొచ్చు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని మాత్రమే దాని అర్థం. సెన్సర్ తీగకు దుమ్ము పట్టి గాలిని తక్కువగా చూపించినా అదే కోడ్ పడుతుంది. పీ0102 లాంటివి సెన్సర్ సర్క్యూట్ వైపు వేలు చూపిస్తాయి, కానీ అక్కడా కనెక్టర్ వదులైందా, వైరు తెగిందా అని చూడాలి. అంటే సెన్సర్ పోయిందని స్కానర్ తీర్పు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. స్మోక్ టెస్ట్ పెట్టి గొట్టంలోకి పొగ పంపితే, చీలిక ఉన్నచోట పొగ బయటికొస్తుంది. అది చేయకుండా సెన్సర్ మార్చడమంటే జ్వరం తగ్గలేదని థర్మామీటరు మార్చినట్టే.

ఇక చట్టం సంగతి. మెకానిక్ అంచనా తప్పినంత మాత్రాన అది సేవాలోపం అయిపోదు. అనుమానం ఉన్న పార్టును ముందు మార్చి చూడటం ఈ వృత్తిలో ఉన్నదే. చేయాల్సిన మామూలు పరీక్షలు చేయకుండా ఖరీదైన పార్టు వేసి, లైటు మళ్లీ వెలిగాక కూడా మూలం వెతక్కుండా ఇంకో బిల్లు వేస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) కింద సేవాలోపం అని గట్టిగా వాదించవచ్చు. నా లెక్కలో మొదటి బిల్లు కన్నా రెండో బిల్లే వాళ్లకు ఎక్కువ ఇబ్బంది. అయితే లోపాన్ని రుజువు చేయాల్సింది మీరే. ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

అందుకే రెండుసార్లూ ఇచ్చిన జాబ్ కార్డుల (బండి అప్పగించినప్పుడు సర్వీస్ సెంటరు రాసే కాగితం) కాపీలు తీసి చూడండి. మీరు చెప్పిన కంప్లైంట్ ఏమని రాశారు, ఏ కోడ్ పడిందని రాశారు, ఏ టెస్టు చేశామన్నారు? చాలా జాబ్ కార్డుల కింద పాత పార్టులు కస్టమర్‌కు కావాలా వద్దా అని ఒక చిన్న గడి ఉంటుంది. హడావుడిలో సంతకం పెట్టేస్తాం, ఆ గడిలో టిక్ వాళ్లే కొడతారు. పాత సెన్సర్ మీ దగ్గర లేకపోతే వెంటనే ఈమెయిల్‌లో అడగండి. స్కాన్ రిపోర్టులు, కోడ్ పడిన క్షణంలో నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా అడగండి. ఇవ్వకపోతే, ఆ ఇవ్వకపోవడమే రేపు మీకు పనికొస్తుంది.

తర్వాత, ఫలానా రోజు కారు పరీక్ష చేయిస్తున్నాం, కావాలంటే మీ మనిషిని పంపండి అని వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. ఇన్సూరెన్స్ లైసెన్సున్న మోటారు సర్వేయర్‌నో, ఆటోమొబైల్ ఇంజనీర్‌నో పిలిచి, స్మోక్ టెస్ట్ ఆయన ముందు చేయించి వీడియో తీయండి. గొట్టం మార్చాక పాత సెన్సర్ మళ్లీ బిగించి కొన్నాళ్లు నడపండి. లైటు రాకపోతే అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. పరీక్ష చేసినాయన అఫిడవిట్ ఇవ్వాలి. మీ ఊరి మెకానిక్ అఫిడవిట్ కూడా పెట్టండి, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. వీడియోకు 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జతచేయండి. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్య నిబంధనలను అంత కచ్చితంగా పట్టుకోరు, అయినా ఎదుటి లాయరుకు సందు ఇవ్వడం ఎందుకు?

కోన్ ఫిల్టర్ విషయం దాచొద్దు. నూనె పూసే రకమైతే, నూనె ఎక్కువైనప్పుడు అది సెన్సర్ తీగకు అంటుకుని సెన్సర్ నిజంగానే పాడవొచ్చు. వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. పాత సెన్సర్ పరీక్ష అవసరమైంది ఇందుకే.

బెంగళూరు తిరగక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కాబట్టి అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మీ వివాదం సర్వీసు గురించి, కారు ధర గురించి కాదు. చెల్లించింది మొత్తం రూ.74,000. రూ.5 లక్షల లోపు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి.

కారు మొత్తం డబ్బులు మాత్రం అడగొద్దు. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, పాడైన పార్టు మార్చితే సరిపోయేచోట కారునే మార్చమనడం కుదరదని చెప్పింది. పైగా మీకు కారు అమ్మింది వీళ్లు కాదు. రెండు బిల్లుల సొమ్ము, దానిమీద వడ్డీ, పరీక్ష ఖర్చులు, కొంత పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.

బిల్లు కట్టేదాకా బండి ఆపడం దౌర్జన్యం అనుకుంటున్నారేమో. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, పని చేసిన మేరకు కూలి అందేవరకు బండి పట్టుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. ఆ పని సరిగ్గా చేశాడా లేదా అన్నది వేరే గొడవ. కట్టేసినంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు. ఈసీయూ కోసం మళ్లీ బండి అక్కడికి పంపే పని పెట్టుకోకండి. ఎప్పుడైనా బిల్లు కట్టక తప్పకపోతే, అభ్యంతరంతో కడుతున్నానని బిల్లు మీదే రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి.