పార్ట్ టూ రాయబోతున్న మేనకోడలికి

వడపళని, చెన్నై

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నీ సినిమా గురించే ఆలోచిస్తున్నాను. పులికాట్ సరస్సు మీద ఒక వింత ప్రాణి బారి నుంచి బతికి బయటపడ్డ అక్కాతమ్ముళ్ల గురించి నువ్వు రాసిన కథకి పార్ట్ టూ కావాలని ప్రొడ్యూసర్ తనంతట తాను అడిగారంటే మాకందరికీ గర్వంగా ఉంది. మీ అమ్మ పక్కింటివాళ్లకి కూడా చెప్పేసింది. కానీ నీ గొంతులో సంతోషం కన్నా టెన్షనే ఎక్కువ వినిపించింది. “సైన్స్ ఫిక్షన్ హారర్‌లో రెండో సినిమా ఎప్పుడైనా మొదటిదానికి సాటి వచ్చిందా మామయ్యా?” అని అడిగావు. వచ్చింది. తక్కువసార్లే వచ్చింది. వచ్చినచోట ఎందుకు వచ్చిందో, రానిచోట ఎక్కడ చెడిందో మాత్రం శ్రద్ధగా చూస్తే తెలుస్తుంది. సౌండ్ ఎఫెక్ట్స్ గదుల్లో బతుకు గడిపినవాణ్ణి కాబట్టి నాకు చెవితో అర్థమైనవే ఎక్కువ రాస్తాను. కథ సంగతి నీకు నాకన్నా బాగా తెలుసు.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’తో మొదలుపెడదాం. సరుకు మోసే అంతరిక్ష నౌక, అందులో ఏడుగురు సిబ్బంది, వాళ్ల మధ్యకి వచ్చిపడిన ఒక ప్రాణి. అది తెర మీద కనిపించేది కొద్ది నిమిషాలే. కనిపించినప్పుడు కూడా ఒక్కో దశలో ఒక్కో ఆకారంలో ఉంటుంది. మొహానికి అతుక్కునేది ఒకటి, రొమ్ము చీల్చుకుని వచ్చేది ఒకటి, పెరిగి పెద్దదయ్యాక వేరొకటి. దేని కోసం వెతకాలో ఆ ఏడుగురికీ తెలియదు, మనకీ తెలియదు. ఆ సినిమాలో భయమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. అది ఒక్కసారికే పనికొస్తుంది. ఆట విడిచేసరికి ప్రేక్షకుడికి ప్రాణి ఆకారం తెలిసిపోయింది, దాని రక్తం ఆసిడ్ అని తెలిసిపోయింది. రెండో సినిమా రాసేవాళ్లు అందరూ ఈ లోటుతోనే మొదలుపెట్టాలి, నువ్వు కూడా.

1986లో ‘ఏలియన్స్’ రాసి తీసిన జేమ్స్ కామెరాన్ ఆ లోటుని దాచడానికి ప్రయత్నించలేదు. పోయిన భయాన్ని మళ్లీ పుట్టించాలని చూడకుండా సినిమా జాతినే మార్చేశాడు. మొదటిది చీకటింట్లో చిక్కుకున్నవాళ్ల కథ అయితే, రెండోది యుద్ధం సినిమా. మొదటి సినిమాలో బతికి బయటపడ్డ రిప్లీ 57 ఏళ్లు నిద్రలో తేలి, కళ్లు తెరిచి, జరిగింది చెబితే ఎవరూ నమ్మరు. తర్వాత ఆ ప్రాణులున్న చోటికే సైనికులతో కలిసి మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. ఇప్పుడు ఆమెకి తెలుసు, మనకి తెలుసు, తుపాకులు పట్టుకుని గొప్పలు పోతున్న ఆ కుర్రాళ్లకి తెలియదు. మొదటి సినిమాలో తెలియక భయపడ్డాం, ఇందులో తెలిసి భయపడతాం. మొదటి భాగం ఇచ్చిన జ్ఞానాన్నే ఆయన రెండో భాగానికి ఇంధనంగా వాడాడు.

ఇక్కడ ఒక శబ్దం గురించి చెప్పాలి. సైనికుల చేతిలో కదలికల్ని పసిగట్టే చిన్న యంత్రం ఉంటుంది. టిక్కు టిక్కుమంటూ దూరం మీటర్లలో చెబుతుంది. తలుపులన్నీ మూసుకుని కూర్చున్నారు, యంత్రంలో అంకె తగ్గుతూ వస్తోంది. ఒక దశలో ఆ అంకె గది పొడవు కన్నా చిన్నదైపోతుంది. అంటే అవి లోపలే ఉండాలి. చూస్తే గదిలో ఎవరూ లేరు. అప్పుడు ఒకడికి తడుతుంది, సీలింగ్ పలకలు ఎత్తి చూడాలని. ప్రాణి ఎలా ఉంటుందో అప్పటికి మనకి పూర్తిగా తెలుసు. అయినా ఒక అంకె, ఒక చిన్న శబ్దం కలిసి మనల్ని కుర్చీ అంచుకి లాగుతాయి. సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కి, విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆ సినిమాకి ఆస్కార్లు వచ్చాయి. నాకు దానికన్నా ముఖ్యం అనిపించేది, రిప్లీగా నటించిన సిగోర్నీ వీవర్‌కి ఉత్తమ నటి నామినేషన్ రావడం. ఇలాంటి సినిమాలో నటించినవాళ్లని ఆ రోజుల్లో అలా పట్టించుకోవడం చాలా అరుదు. రెండో భాగంలో ప్రాణి కన్నా మనిషి ఎదిగిందనడానికి అదే రుజువు.

కథ తెలిసిపోతే భయం పోతుందని మీ సిట్టింగ్‌లో ఎవరో అన్నారని చెప్పావు. పోదు. మౌంట్ రోడ్డులో సఫైర్ కాంప్లెక్స్ ఉండేది, నువ్వు పుట్టకముందే పడగొట్టేశారు. అందులో బ్లూ డైమండ్ అనే థియేటర్లో షోలు ఆగకుండా నడిచేవి. ఎప్పుడైనా టికెట్ తీసుకుని లోపలికి వెళ్లొచ్చు, వచ్చిన చోటు మళ్లీ వచ్చేదాకా కూర్చోవచ్చు. మా తరం కుర్రాళ్లు ఎన్నో ఇంగ్లీషు సినిమాల క్లైమాక్స్ ముందు చూసి, మొదలు తర్వాత చూశారు. ఎవడు చస్తాడో తెలిసి చూసినా ఒళ్లు గగుర్పొడిచేది. పైగా వాడు నవ్వుతున్న సీను వస్తే ఇంకా ఎక్కువ బాధేసేది. కాబట్టి నీ ప్రేక్షకుడికి పార్ట్ వన్ అంతా గుర్తుందని దిగులుపడకు. గుర్తుండటాన్ని వాడుకో.

ఇక చెడినవాటి సంగతి. 1992లో వచ్చిన ‘ఏలియన్ 3’ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ ప్రొడ్యూసర్ ఇచ్చిన మొదటి సూచన సరిగ్గా అదే. తమ్ముణ్ణి మొదటి సీన్‌లోనే చంపేస్తే అక్కకి పగ పుడుతుంది, పగ ఉంటే మాస్‌కి ఎక్కుతుంది అన్నారట. ‘ఏలియన్స్’లో రిప్లీ తన ప్రాణాన్ని పణంగా పెట్టి న్యూట్ అనే పాపని కాపాడుకుంటుంది. ‘ఏలియన్ 3’ టైటిల్స్ పడుతుండగానే ఆ పాప, ఆ హిక్స్ అనే సైనికుడు ఇద్దరూ చచ్చిపోయి ఉంటారు. ప్రేక్షకులు ఈ రోజు వరకు దాన్ని క్షమించలేదు. వాళ్ల కోపం న్యాయమైనదే అంటాను. రెండు గంటల పైన ఊపిరి బిగబట్టి ఆ పాప బతకాలని కోరుకున్నవాళ్లకి, మీరు కోరుకున్నది వృథా అని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పడం అది. ఆ సినిమాలో మంచి లేదనను. గుండు గీయించుకున్న రిప్లీ, ఖైదీల మధ్య ఒంటరి ఆడమనిషి, చివర ఆమె తీసుకునే నిర్ణయం, ఇవన్నీ బరువైనవే. కానీ తలుపు దగ్గరే కొట్టి లోపలికి పిలిస్తే ఎవరు మనసు పెట్టి కూర్చుంటారు?

నీ కథలో అక్క తన చీరకొంగుతో తమ్ముణ్ణి నావకి కట్టేసి బతికించింది. హాల్లో ఆడవాళ్లు అక్కడ ఏడ్చారు, నేను విన్నాను. ఆ తమ్ముడు బతికి ఉండాలి. కావాలంటే చివర్లో ప్రమాదంలో పెట్టు, మొదట్లో మాత్రం చంపకు.

రెండో సూచన, ఆ ప్రాణి ఎక్కడి నుంచి వచ్చిందో అరగంట ఫ్లాష్‌బ్యాక్‌లో చూపించడం. దీనికి అసలు ఒప్పుకోకు. మొదటి ‘ఏలియన్’లో పాడుబడ్డ ఓడలో ఒక భారీ శరీరం కుర్చీలో కూర్చుని శిలలా మారిపోయి ఉంటుంది, దాని ఎముకలు లోపలి నుంచి బయటికి విరిగి ఉంటాయి. ఎవరది, ఎప్పటిది, ఎవరూ చెప్పరు. ఆ ఒక్క షాట్ నా తలలో ఏళ్ల తరబడి తిరిగింది. 2012లో అదే రిడ్లీ స్కాట్ ‘ప్రొమీథియస్’ తీసి, అది ఒక రకం సూటు, లోపల ఉన్నది మనుషుల్ని తయారుచేసిన జాతి అని చెప్పాడు. సినిమా చూడ్డానికి చాలా అందంగా ఉంది. కానీ మన ఊహలో ఉన్న దానికన్నా ఆ జవాబు చిన్నది. ఏ జవాబైనా చిన్నదే అవుతుంది, దర్శకుడి లోపం కాదది. 1982 నాటి జాన్ కార్పెంటర్ ‘ద థింగ్’కి 2011లో ముందు కథ తీశారు. ఆ ప్రాణి బారిన మొదట పడ్డ నార్వే వాళ్ల క్యాంపులో ఏం జరిగిందో చూపించారు. పాత సినిమాలో ఆ క్యాంపు కాలిపోయి, గోడలో గొడ్డలి దిగబడి ఉంటుంది. అది చూసి మనం ఎవరికి వారం ఊహించుకున్నది ఒకటుంది కదా, అదే తీసేసుకున్నారు. పైగా చేత్తో తయారుచేసిన బొమ్మలతో షూట్ చేసి, తర్వాత చాలా వాటిని గ్రాఫిక్స్‌తో కప్పేశారు. బరువున్న వస్తువు కదిలితే వచ్చే తడి శబ్దం వేరు, బరువు లేనిదానికి మేం ఎంత కష్టపడి శబ్దం పెట్టినా అతకదు. ఇది నా వృత్తి మాట, బడ్జెట్ రాసేటప్పుడు గుర్తుపెట్టుకో.

సంఖ్య పెంచడం గురించి కూడా అడిగావు. ఒకటి ఉంటే ఇప్పుడు పది కావాలంటున్నారు. కామెరాన్ కూడా పెంచాడు, నిజమే. కానీ ఆ గుంపు చివర గుడ్లు పెట్టే తల్లి ఉంది, ఎదురుగా పాపని ఎత్తుకున్న రిప్లీ ఉంది. అంత పెద్ద గుంపు ఎందుకుందో ఆ ఇద్దరు తల్లులు ఎదురుపడినప్పుడు తెలుస్తుంది. మన శంకర్ గారి ‘2.0’ చూడు. మొదట్లో ఒక ముసలాయన సెల్ టవర్ మీద ఉరేసుకుంటాడు, తర్వాత జనం చేతుల్లోంచి సెల్‌ఫోన్లు ఎగిరిపోతాయి. జేబులో ఉన్న వస్తువు మీదే అనుమానం పుట్టించిన ఊహ అది, నిజంగా భయపెట్టింది. ఫోన్లన్నీ కలిసి మహాపక్షి అయ్యాక, స్టేడియంలో పోరాటం మొదలయ్యాక నాకు భయం పోయింది, ఆశ్చర్యం ఒక్కటే మిగిలింది. ఆకారం పెరిగేకొద్దీ అది మన ఇంటికి దూరమవుతుంది.

నువ్వు ఖాతరు చేయాల్సినవి ఇంకో రెండున్నాయి. 2007లో వచ్చిన ‘28 వీక్స్ లేటర్’ మొదటి పది నిమిషాలు చూడు. పిచ్చెత్తినవాళ్లు ఇంట్లోకి జొరబడితే ఒక భర్త భార్యని కిటికీలో వదిలేసి పొలాలకి అడ్డంపడి పరిగెడతాడు. తర్వాత పిల్లలకి అబద్ధం చెబుతాడు. మొదటి సినిమాలోని వైరస్సే ఇక్కడా ఉంది, కొత్తగా వచ్చింది సిగ్గు. ఆ సిగ్గుతోనే భార్యని మళ్లీ చూడటానికి వెళ్లి, రోగాన్ని ఊళ్లోకి వదులుతాడు. సినిమా సగం తర్వాత జారిపోయిందని నా అభిప్రాయం, అయినా ఆ మొదలు చాలు. రెండోది 1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’. 1931లో మొదటిది తీసిన జేమ్స్ వేల్ నాలుగేళ్ల తర్వాత దాన్ని మించి తీశాడు. ఎలాగంటే, మొదటి దాంట్లో మూలిగే శవానికి రెండో దాంట్లో మాట వచ్చింది. ఒక గుడ్డి ముసలాయన గుడిసెలో స్నేహం, రొట్టె, వయొలిన్ సంగీతం తెలిశాయి. వాడికి మాట రాగానే వాడి ఒంటరితనం కూడా మనకి వినిపించింది. సినిమాల్లో మాట వచ్చి ఎన్నో ఏళ్లు కాని రోజుల్లో అది చేశాడంటే నాకు ఇప్పటికీ ఆనందంగా ఉంటుంది.

ఇప్పుడు నీ కథకి వస్తాను. నావలో బతికిపోయిన ఆ అక్కాతమ్ముళ్లు తర్వాత ఎక్కడికి పోతారు? అదే నీ పార్ట్ టూ. సరస్సుకి మళ్లీ తీసుకెళ్లాలని తొందరపడకు. ఇక్కడ చెన్నైలో చేపల పడవలు ఆగే కాశిమేడు హార్బర్‌కి తీసుకురా. అక్క నీళ్ల మీదికి వెళ్లనని ఒట్టు పెట్టుకుని ఒడ్డున ఐసు పనిలో చేరిందనుకో. తెల్లవారుజామున అక్కడికి వెళ్లి నిలబడి విను. ఐసు దిమ్మలు పగలగొట్టే చప్పుడు, బోటు ఇంజన్లు, వేలంపాట కేకలు, తమిళంలో బేరాలు. ఆ మోతలో ఒక్క శబ్దం తప్పుగా ఉంటే అది ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎవరికైనా చెబుదామంటే భాష కూడా సరిగ్గా రాదు. తమ్ముడి సంగతి నాకు ఇంకా ఆసక్తిగా ఉంది. వాడు ఆ రాత్రి నీళ్లలోంచి విన్నదాన్ని మర్చిపోలేక, మళ్లీ వినాలని కోరుకుంటున్నాడేమో. అక్క భయపడుతున్నదాన్నే తమ్ముడు వెతుక్కుంటూ వెళితే, ప్రాణి ఒకటే చాలు. నచ్చకపోతే వదిలెయ్, కథ నీది.

ప్రొడ్యూసర్‌తో గొడవ పెట్టుకోవద్దు. ఆయన డబ్బు పెట్టే మనిషి, ఆయన భయం ఆయనకుంటుంది. ఫ్లాష్‌బ్యాక్ వద్దని నేరుగా చెప్పే బదులు, కాశిమేడు సీను ఒకటి పూర్తిగా రాసి, చీకటి పడ్డాక చదివి వినిపించు. కానీ ఒక్క విషయంలో గట్టిగా ఉండు. ‘ఏలియన్ 3’కి స్క్రిప్టు పూర్తికాకుండానే షూటింగ్ మొదలైంది. కథ ఎందరో రచయితల చేతులు మారింది. కథ భూమ్మీద జరుగుతుందని నమ్మించే టీజర్ ముందే వదిలారు, తీరా వచ్చిన సినిమాలో భూమి లేదు. దాన్ని తీసిన డేవిడ్ ఫించర్ అంతటివాడికి మొదటి సినిమా చేదుగా మిగిలింది. కాబట్టి ఫుల్ బౌండ్ స్క్రిప్టు చేతికి అందాకే రిలీజ్ డేట్ ప్రకటించాలని అగ్రిమెంటులో రాయించుకో. సౌండ్ పనికి ఎన్ని వారాలో కూడా అందులోనే ఉండాలి, చివర్లో కోత పడేది ఎప్పుడూ దానికే. సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు ఒకసారి నాకు పంపు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను, అత్తయ్య నిన్ను భోజనానికి రమ్మంటోంది.

ఇట్లు,
మీ మామయ్య