'సుమారు 1845' అని రాసిచ్చారు, బొమ్మ మాత్రం నకలు

ప్రశ్న: మేం మాంచెస్టర్‌లో ఉంటున్నాం. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో మట్టితో చేసిన పాత బ్యాలే నర్తకుల బొమ్మలు పోగుచేయడం నాకు సరదా. నాలుగు నెలల కిందట ఒక యాంటిక్ షాపులో బ్యాలే నర్తకి మేరీ టాగ్లియోని బొమ్మను క్రెడిట్ కార్డు మీద 420 పౌండ్లకు కొన్నాను. రసీదులో 'సుమారు 1845' అని ఉంది. అది తర్వాతి కాలపు నకలని ఇప్పుడు తెలిసినవాళ్లు అంటున్నారు. షాపాయనేమో 'వాపసు తీసుకోం అని బోర్డు ఉందిగా' అంటాడు. ఏం చేయాలి? వచ్చే ఏడు హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. మిగతా బొమ్మలు తీసుకెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ బోర్డుకు భయపడకండమ్మా. వ్యాపారి అమ్మిన వస్తువు ఆయన చెప్పిన వర్ణనకు సరిపోవాలని కన్స్యూమర్ రైట్స్ యాక్ట్, 2015 చెబుతోంది. బోర్డు పెట్టి ఈ బాధ్యతను తప్పించుకోవడం కుదరదు. మీకు అండ ఆ రసీదే. దాన్ని జాగ్రత్తగా దాచండి.

వెంటనే తిరిగిచ్చేసే 30 రోజుల గడువు దాటింది. అయినా ఫర్వాలేదు. నకలును రిపేరు చేసి అసలు చేయలేరు కాబట్టి, బొమ్మ తిరిగిచ్చి డబ్బు అడగవచ్చు, లేదా ఉంచుకుని ధర తగ్గించమనవచ్చు. ఆరు నెలల లోపు తిరిగిస్తే, వాడుకున్నారని కోత పెట్టడానికి వీల్లేదు. రెండు నెలలే ఉంది, కదలండి.

'తెలిసినవాళ్లు అన్నారు' అంటే కోర్టులో నిలవదు. సిరామిక్స్ నిపుణుల దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. పాత బొమ్మలను అచ్చులో మట్టిని చేత్తో అదిమి చేసేవారు. పల్చటి మట్టిని అచ్చులో పోసి చేసిన నకళ్లు తరచు తేలిగ్గా ఉంటాయి, అడుగున రంధ్రం పెద్దదిగా ఉంటుంది. పాతవాటి మీద కూడా తయారీదారు ముద్ర చాలావరకు ఉండదు. కాబట్టి ముద్ర లేదన్న వాదన ఎత్తకండి.

ఇంకో మాట. షాపుకు రాసే ఉత్తరంలో 'నేను ఏళ్లుగా సేకరిస్తున్నాను, నాకు అన్నీ తెలుసు' అని రాయకండి. హార్లింగ్‌డన్ అనే ఇంగ్లండ్ కేసులో నకిలీ చిత్రం కొన్నవాళ్లు ఆర్ట్ డీలర్లు. అమ్మినవాడి మాటను నమ్మి కాదు, తమ నైపుణ్యాన్ని నమ్ముకుని కొన్నారని కోర్టు తేల్చడంతో ఓడిపోయారు. మీరు రసీదులోని తేదీని నమ్మే కొన్నారు. ఆ సంగతే రాయండి.

షాపాయన మొండికేస్తే కార్డు కంపెనీని పట్టుకోండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద షాపుతో పాటు వాళ్లూ బాధ్యులే. నన్నడిగితే కోర్టు కంటే ఇదే దగ్గరి దారి. అక్కడా పని కాకపోతే స్మాల్ క్లెయిమ్స్, అంటే చిన్న మొత్తాల దావాలకు కోర్టులో ఉన్న సులువైన పద్ధతి, ఉంది. 10,000 పౌండ్ల దాకా అందులో వేయవచ్చు, లాయరు అక్కర్లేదు.

ఇక హైదరాబాద్ సంగతి. తీసుకెళ్లడం కంటే తిరిగి తేవడమే కష్టం. మన భారతదేశపు పురావస్తువుల చట్టం, 1972 ప్రకారం వందేళ్లు నిండిన కళాఖండం పురావస్తువు. ఎక్కడ తయారైందన్న షరతు ఆ నిర్వచనంలో లేదు. పురావస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా కూడా. 1840ల నాటి మీ అసలు బొమ్మలు ఒకసారి శంషాబాద్‌లో దిగాక, రేపు పిల్లలు మళ్లీ ఇంగ్లండ్ పట్టుకెళ్తామన్నా చిక్కే. తప్పక తీసుకెళ్లేట్టయితే ప్రతిదానికీ ఫొటో, కొన్న రసీదు దగ్గరుంచుకుని కస్టమ్స్‌లో చెప్పి దించండి. తిరిగి వచ్చే ఆలోచన ఏ మాత్రం ఉన్నా, వాటిని ఇక్కడే అయినవాళ్లింట్లో పెట్టి వెళ్లండి.