విరిగిన చెవి దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

నీ తిమింగలాల వ్యాసం రెండుసార్లు చదివాను. బాగానే చదివించావు. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ఐదు కోట్ల ఏళ్ల క్రితం తిమింగలం నేలను వదిలి సముద్రంలోకి వెళ్లాలని నిర్ణయించుకుంది" అన్నావు. ఎవరు నిర్ణయించుకున్నారమ్మా? అప్పటికి నీటి అంచున తిరిగే నాలుగు కాళ్ల జంతువులు ఉన్నాయంతే. ఆ వాక్యం కొట్టెయ్.

పాకిసీటస్, ఆంబులోసీటస్, రోడోసీటస్ అనే తొలినాటి తిమింగలాలను తాత, తండ్రి, మనవడిలా వరసగా నిలబెట్టావు. అవి దాయాదులు. ఏది ఎవరి కడుపున పుట్టిందో ఎముక చెప్పదు. ఎవరికి ఎవరు దగ్గరి చుట్టమో మాత్రం చెబుతుంది.

నేనైతే జమ్ము ప్రాంతంలోని కాలాకోట్ రాళ్లతో మొదలుపెడతాను. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు అక్కడ ఏరి తెచ్చుకున్న రాళ్లవి. ఆయన పోయాక ఆయన భార్య వాటిని హాన్స్ థెవిసెన్ అనే పరిశోధకుడికి అప్పగించారు. రాయి తొలిచి ఎముకను బయటికి తీస్తుంటే ఒక పుర్రె చెవి దగ్గర పొరపాటున విరిగింది. చూస్తే చెవిగూడు లోపలివైపు గోడ బాగా దళసరిగా ఉంది! అది తిమింగలాల జాతిని పట్టిచ్చే గుర్తు. జంతువేమో పిల్లి అంత, సన్నకాళ్లది, చూడ్డానికి మూషిక జింకలా ఉండేది. పేరు ఇండోహ్యూస్. కాలి ఎముకల గోడలు కూడా నీటిగుర్రానికున్నట్టు దళసరే, అంటే నీళ్లలో తేలిపోకుండా నడవడానికి పనికొచ్చే బరువు. 2007లో ఈ సంగతి ప్రకటించారు. ఇంత మంచి కథను నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు.

పాకిసీటస్ విషయంలో జరిగిన తప్పునూ దాచేశావు. 1980లలో దొరికింది పుర్రె, దవడ ముక్కలు. వాటిని బట్టి ఈదే జంతువులా బొమ్మ గీశారు. 2001లో మిగతా ఎముకలు బయటపడితే అది పొడుగు కాళ్లతో నేలమీద నడవగలిగేదని తేలింది. ఆ పాత బొమ్మను నమ్మి రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. తప్పును కూడా రాయి, పాఠకుడు నిన్ను ఇంకా నమ్ముతాడు.

అదే ఏడాది పాకిస్తాన్ నుంచి తొలినాటి తిమింగలాల చీలమండ ఎముకలూ వచ్చాయి. తిమింగలాలకు నీటిగుర్రమే దగ్గరి చుట్టమని డీఎన్‌ఏ చూసినవాళ్లు అంటుంటే, ఎముకలు చూసినవాళ్లు చాలాకాలం ఒప్పుకోలేదు. ఆ చీలమండ ఎముకకు పై కొసన, కింది కొసన కూడా కప్పీకున్నట్టు గాడి ఉంది. ఆవుకు, జింకకు, పందికి, నీటిగుర్రానికి ఉండేది సరిగ్గా అదే గాడి. వాదన చాలావరకు అక్కడితో చల్లబడింది. ఆ గాడి ఎలా ఉంటుందో పాఠకుడికి కనబడేలా రాయి. "కీలక ఆధారం" అంటే ఎవరికీ ఏమీ కనబడదు.

బాసిలోసారస్ అనే పాతకాలపు తిమింగలాన్ని 1834లో బల్లి జాతి అనుకుని ఆ పేరు పెట్టారన్న ముక్క బాగుంది, ఉంచు. ఈజిప్టులో దొరికిన దాని వెనక కాళ్ల గురించి మాత్రం చెప్పనేలేదు. సుమారు 15 మీటర్ల ఒంటికి బుల్లి కాళ్లు, వాటికి మోకాలు, వేళ్లు కూడా.

సవరించి పంపు. ఈసారి మొదటి పేరాలో "అద్భుతం" అని కనబడితే మాత్రం చదవను.