తాత కాగితాల్లో 'నెల్లూరు జిల్లా' అని ఉంటే, ప్రకాశం జిల్లాకు వలస వచ్చినట్టేనా?

కాదు, జిల్లా పేరొక్కటే చూసి వలస అనుకోకూడదు. చాలాసార్లు కుటుంబం కదల్లేదు, జిల్లా హద్దే కదిలింది. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని ప్రాంతాలు తీసి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పాటుచేశారు. దానికి ప్రకాశం పేరు 1972లో వచ్చింది. కందుకూరునే చూడండి: 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు. అక్కడ ఒకే ఇంట్లో తాత దస్తావేజులో ఒక జిల్లా, మనవడి టెన్త్ సర్టిఫికెట్లో ఇంకో జిల్లా ఉండటం మామూలే. పాత కాగితంపై 'మద్రాసు రాష్ట్రం' అని కనిపించగానే అరవదేశం నుంచి వచ్చామనుకునేవాళ్లూ ఉన్నారు, పాపం. 1953 అక్టోబరు 1 దాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోదే. వలస సంగతి తేలాలంటే కాగితాల్లో జిల్లా కాదు, ఊరే మారిందో లేదో చూడండి.