మైనింగ్ కంపెనీ శాటిలైట్లలోకి దిగుతోందని బిడ్డని పెర్త్ పంపాలా?

గోదావరిఖని నుంచి ఒక అన్న రాశారు. ఆయన సింగరేణి బొగ్గు గనిలో ఓవర్‌మన్, అంటే పనివాళ్ల మీద సూపర్‌వైజర్, పాప హైదరాబాద్‌లో ఈసీఈ థర్డ్ ఇయర్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న బావమరిది ఫోన్ చేసి చెప్పాడట, అక్కడ ఒక చిన్న మైనింగ్ కంపెనీ ఆఫ్రికాలో శాటిలైట్ ఫోన్ సర్వీస్ మొదలుపెడుతోంది, ఇప్పుడే శాటిలైట్ కమ్యూనికేషన్స్‌లో మాస్టర్స్‌కి పంపితే కోర్సు అయ్యేసరికి ఉద్యోగం రెడీగా ఉంటది అని. 40 లక్షల లోన్ తీసుకుని పంపాలా, లేక ఇక్కడే ఎంటెక్ చేయించాలా అని అడుగుతున్నారు.

అన్నా, ఇలాంటి లెటర్లు నాకు చాలా వస్తాయి. ఒకప్పుడు బ్లాక్‌చెయిన్ అని రాసేవాళ్లు, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు స్పేస్, కోర్సు పేరు మారుతుంది గానీ భయం అదే. మీ లెటర్ చివర్లో "బొగ్గు ఎన్నాళ్లుంటదో తెల్వదు" అని రాశారు చూడండి, అసలు ప్రశ్న అదే. దానికి ముందే జవాబు చెప్పేస్తా: మీ బిడ్డ భవిష్యత్తు బొగ్గు మీద ఆధారపడి లేదు. ఈసీఈ చదివిన పిల్లకి రైల్వే సిగ్నలింగ్ నుంచి చిప్ డిజైన్ దాకా పని ఉంది, ఆ భయంతో మాత్రం లోన్ పేపర్ మీద సంతకం పెట్టకండి.

ఇక ఆ కంపెనీ సంగతి. ఆస్ట్రేలియా స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఖనిజాలు వెతికే చిన్న చిన్న ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీలు వందల్లో ఉన్నాయి, తవ్వి చూస్తారు, ఏమీ దొరకదు, డబ్బులు అయిపోతాయి, లిస్టింగ్, అంటే ఎక్స్ఛేంజ్‌లో షేర్లు అమ్ముకునే చోటు, ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఏదో ఒక టెక్ బిజినెస్ వచ్చి ఆ లిస్టింగ్‌లో దూరుతుంది, బ్యాక్‌డోర్ లిస్టింగ్ అంటారు, చట్టప్రకారమే జరుగుతుంది. బయటనుంచి చూసేవాళ్లకి మాత్రం గనుల కంపెనీ శాటిలైట్లలోకి ఎదిగినట్టు కనిపిస్తుంది. బర్ల్‌సన్ ఎనర్జీ అనే ఆయిల్, గ్యాస్ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ ఇలాగే 2016లో స్కై అండ్ స్పేస్ గ్లోబల్ అయింది. భూమధ్యరేఖ చుట్టూ 200 నానోశాటిలైట్లు, అంటే చాలా చిన్న శాటిలైట్లు, పెట్టి ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లో తక్కువ ధరకి ఫోన్, మెసేజ్ సర్వీస్ ఇస్తామన్నారు. ఒట్టి మాటలు కూడా కాదు, వాళ్ల మొదటి మూడు శాటిలైట్లు 2017 జూన్ 23న మన శ్రీహరికోట నుంచే పీఎస్ఎల్వీ-సీ38 రాకెట్‌లో వెళ్లాయి, రెడ్, గ్రీన్, బ్లూ డైమండ్ అని పేర్లు. తర్వాత ఆ 200కి డబ్బు దొరకలేదు, 2020లో కంపెనీ అడ్మినిస్ట్రేటర్ల చేతికి, అంటే డబ్బు కష్టాల్లో పడ్డ కంపెనీ బాధ్యత తీసుకునేవాళ్ల చేతికి, పోయింది. 2017లో ఆ వార్త చూసి ఎవరైనా మాస్టర్స్‌లో చేరి ఉంటే, డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో కాస్త కుదురుకునేలోపే కంపెనీ పడిపోయేది.

మూడు శాటిలైట్లు పైకి పంపడం ఒక ఎత్తు, సర్వీస్ నడపడం ఇంకో ఎత్తు. ఏ దేశంలో ఫోన్ పనిచేయాలన్నా ఆ దేశం లైసెన్స్ కావాలి, స్పెక్ట్రమ్ (రేడియో తరంగాలు వాడుకునే హక్కు) కావాలి, శాటిలైట్‌ని నేల మీది నెట్‌వర్క్‌తో కలిపే గేట్‌వే స్టేషన్లు కట్టాలి, హ్యాండ్‌సెట్లు అమ్మాలి. మోటరోలా లాంటి కంపెనీ వెనకుండి, దాదాపు 500 కోట్ల డాలర్లు పెట్టిన శాటిలైట్ ఫోన్ కంపెనీ ఇరిడియమే 1998 నవంబర్‌లో సర్వీస్ మొదలుపెట్టి 1999 ఆగస్టుకల్లా దివాలా తీసింది. తర్వాత కొత్త ఓనర్లు దాన్ని చాలా చవగ్గా కొని నిలబెట్టారు, నెట్‌వర్క్ ఇవాళ్టికీ నడుస్తోంది, నిజమే. కానీ కంపెనీ చేతులు మారేటప్పుడు ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ ఆగదు కదా. ఇంకో విషయం, స్పేస్ ఉద్యోగాల్లో చాలావాటికి పౌరసత్వం అడ్డం వస్తుంది, డిఫెన్స్‌తో సంబంధం ఉంటే సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు, అమెరికా టెక్నాలజీ వాడితే వాళ్ల ఎగుమతి రూల్స్ వస్తాయి. మీ లెటర్‌లో రాసిన ఆ ఏజెంట్ ఈ ముక్క చెప్పాడా మీకు?

గనులకీ కమ్యూనికేషన్స్‌కీ నిజంగా సంబంధం ఉన్న చోటు వేరే ఉంది. రియో టింటో అనే పెద్ద మైనింగ్ కంపెనీ పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ఇనుప గనుల్ని దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్‌లో కూర్చుని నడుపుతుంది, 2018 జూలైలో డ్రైవర్ లేని రైలు 28,000 టన్నుల ఇనుప ఖనిజం మోసుకెళ్లింది. అక్కడ నెట్‌వర్క్ పోతే డ్రైవర్ లేని డంపర్ ఉన్నచోటే ఆగిపోతుంది, ఓపెన్‌కాస్ట్‌లో పని ముందుకి జరిగేకొద్దీ సోలార్ ప్యానెళ్లు బిగించిన ట్రెయిలర్ టవర్లని కూడా జరుపుతూ ఉండాలి, ఆ ఎండలో నిలబడి యాంటెన్నా సరిచేసే మనిషి కావాలి. ఆ పనికి శాటిలైట్ డిగ్రీ అక్కర్లేదు, రేడియో నెట్‌వర్కింగ్, ఎల్టీఈ (4జీ మొబైల్ టెక్నాలజీ), జీపీఎస్ బాగా వస్తే చాలు. వారాల తరబడి సైట్‌లోనే ఉండాలి, అది పాపకి ఇష్టమో కాదో అడగండి.

అడగండి అని ఎందుకంటున్నానంటే, మీ లెటర్‌లో బావమరిది ఉన్నాడు, ఏజెంట్ ఉన్నాడు, ఆ కంపెనీ షేర్ రేటు కూడా ఉంది, పాపకి ఏ సబ్జెక్ట్ ఇష్టమో ఒక్క మాట లేదు. కోపం తెచ్చుకోకండి అన్నా, కానీ ఇది తప్పు. చదవాల్సింది తను, లోన్ తన పేరు మీద ఉంటుంది, నిర్ణయం మాత్రం మీరూ బావమరిదీ ఫోన్లో చేసేస్తున్నారు.

ఎంటెక్కా ఎంఎస్సా అంటారా, ఈ ఏడాది తేల్చాల్సిన పనే లేదు. హైదరాబాద్‌లోనే ధ్రువ స్పేస్, స్కైరూట్ అనే స్పేస్ కంపెనీలు ఉన్నాయి, పాపని ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేయమనండి, అక్కడ రాకపోతే ఏదైనా టెలికాం కంపెనీలో చేయమనండి. ఆ పని నచ్చి, ఇంకా చదవాలని తనే అంటే అప్పుడు ఎంఎస్ గురించి మాట్లాడదాం, నచ్చకపోతే 40 లక్షలు మిగిలినట్టే. ఈలోగా బావమరిదిని ఒక్కటి కనుక్కోమనండి: ఆ కంపెనీకి ఆఫ్రికాలో ఏ దేశం లైసెన్స్ ఇచ్చింది, ఏ తేదీన ఇచ్చింది. జవాబు వచ్చేదాకా ఏజెంట్‌కి అడ్వాన్స్ కట్టకండి.