అమ్మ ఆరు నెలలు ఇంట్లోనే కూర్చుంది, ఇప్పుడు నేను బస్సుల చదువు చదవొచ్చా?

ప్రశ్న: నేను విజయవాడలో బీటెక్ సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. మా అక్క వాళ్ళు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. అక్క పురుడికని వెళ్ళిన అమ్మ ఆరు నెలలూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. బావ ఆఫీసు నుంచి వచ్చి కారు తీస్తే తప్ప గుడికి కూడా వెళ్ళలేకపోయింది. అప్పటి నుంచి అలాంటి ఊళ్ళలో బస్సులు, రైళ్ళు బాగుచేసే పని నేర్చుకోవాలని నా మనసులో పడింది. అమెరికాలో ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంఎస్ చేస్తానంటే నాన్న "అక్కడ బస్సులే లేవు, బస్సుల చదువుకి ఉద్యోగం ఎవడిస్తాడు, డేటా సైన్స్ చెయ్యి" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి మాట కొట్టిపారేయకమ్మా. బస్సులే లేవన్నది ఫ్రిస్కో వరకు దాదాపు నిజమే. అయితే ఎందుకు లేవో ఆయనా అడగలేదు, నువ్వూ అడగలేదు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడగాల్సింది అదే.

టెక్సస్‌లో మనం ఏదైనా కొంటే రాష్ట్రం 6.25 శాతం అమ్మకపు పన్ను వేస్తుంది. దాని మీద ఊరు, ఇతర స్థానిక సంస్థలు అన్నీ కలిసి 2 శాతం మించి వేయకూడదని చట్టం. 1983లో డాలస్, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళ జనం ఓటేసి డార్ట్ అనే రవాణా సంస్థను పెట్టుకున్నారు, ఆ రెండు శాతంలో ఒక శాతం, అంటే డాలరుకు ఒక సెంటు, దానికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఫ్రిస్కో అందులో లేదు. తన రెండు సెంట్లలో ఒకటి ఊరి సొంత ఖజానాకి పోగా, రెండోదాంట్లో అర సెంటు ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్‌కి, ఇంకో అర సెంటు పార్కులూ స్టేడియంలూ లాంటివి కట్టే మరో కార్పొరేషన్‌కి ఇచ్చుకుంది. ఇక బస్సుకు ఇవ్వడానికి జేబులో ఏమీ మిగల్లేదు. మీ అమ్మగారి ఆరు నెలల వెనక ఉన్నది ఆ ఒక్క సెంటు. అక్కడ ఇంజనీరింగ్ కష్టమేమీ లేదు, నేల బల్లపరుపుగా ఉంటుంది, రోడ్లు బాగా వెడల్పు. పైగా ఆ సెంటు ఇస్తున్న ప్లేనో, అర్వింగ్ లాంటి ఊళ్ళు కూడా మేం కట్టేదానికి తగ్గ సర్వీసు రావట్లేదని డార్ట్‌తో ఎప్పటి నుంచో గొడవపడుతున్నాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సివిల్ చదివిన పిల్లలు ట్రాన్సిట్, అంటే బస్సులూ రైళ్ళ రవాణా అనగానే వంతెనలు, పిల్లర్లు, సొరంగాలు ఊహించుకుని వస్తారు. అవీ ఉంటాయి. కానీ కార్ల మీద బతికే ఊళ్ళలో అసలు ముడి వేరే చోట పడి ఉంటుంది. డాలస్‌నే చూడు. అక్కడ రైళ్ళు లేవనుకుంటారు మనవాళ్ళు. 1996లో మొదలుపెట్టి 93 మైళ్ళ లైట్ రైల్ వేశారు, అంటే 150 కిలోమీటర్లు, మన హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లే. అయినా రోజుకు ఎక్కేవాళ్ళ లెక్క తీస్తే హైదరాబాద్ మెట్రోది ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ చాలా స్టేషన్లలో దిగగానే కనిపించేది కార్ల పార్కింగ్. ఇళ్ళూ కొట్లూ ఎక్కడో ఉంటాయి, నడిచి వెళ్దామంటే ఫుట్‌పాత్ సగంలో ఆగిపోతుంది. చవగ్గా దొరికిందని పాత గూడ్స్ లైన్ల వెంట పట్టాలు వేశారు, జనం ఉన్న చోటుకీ పట్టాలకీ పొత్తు కుదరలేదు. ఆ తప్పు దిద్దుకున్న చోట్లూ ఉన్నాయి, రిచర్డ్‌సన్‌లో సిటీలైన్ స్టేషన్ పక్కనే పెద్ద ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు కట్టారు.

2025 అక్టోబర్‌లో సిల్వర్ లైన్ అని కొత్త రైలు మొదలైంది, ప్లేనో నుంచి డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు దాకా 26 మైళ్ళు. మన పిల్లలు వందల్లో చదివే యూటీ డాలస్ దగ్గర దానికి ఒక స్టేషన్ ఉంది, అక్కడ చేరితే కారు కొనకుండానే ఎయిర్‌పోర్టుకు వెళ్ళొచ్చు. బాగానే ఉంది. కానీ ఆ లైను స్థలం డార్ట్ కొన్నది 1990లో! స్థలం కొన్నప్పుడు ఉద్యోగంలో చేరిన కుర్రాడు రైలు కదిలేసరికి రిటైర్మెంటుకు దగ్గరపడి ఉంటాడు. నీ ఓపిక ఎంతో నువ్వే చూసుకో, ఏడాదిలో ఫలితం కనిపించకపోతే టెన్షన్ పడే మనిషివైతే ఈ రంగం నిన్ను ఏడిపిస్తుంది.

అలాగని అన్నీ 35 ఏళ్ళు పట్టవు. నాకు ఇష్టమైన ఉదాహరణ హ్యూస్టన్. అదే ఊళ్ళో కేటీ ఫ్రీవే అని ఉంది, 2008కల్లా దాన్ని పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్ళకే ట్రాఫిక్ మళ్ళీ మొదటికి వచ్చింది, ఎందుకంటే రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఇంకొంతమంది కార్లు తీస్తారు, ఇంకా దూరంగా ఇళ్ళు కట్టుకుంటారు. అదే హ్యూస్టన్‌లో 2015 ఆగస్టులో బస్సుల సంస్థ ఒక్క రాత్రిలో దాదాపు లోకల్ రూట్లన్నీ మార్చేసింది. అంతకుముందు చాలా బస్సులు డౌన్‌టౌన్‌కే పోయేవి, చాలా రూట్లలో గంటకో అరగంటకో ఒకటి వచ్చేవి. వాటిని గళ్ళనుడికట్టులా అడ్డంగా నిలువుగా పరిచి, ముఖ్యమైన రూట్లలో 15 నిమిషాలకో బస్సు, అదీ ఆదివారాలు కూడా వచ్చేలా చేశారు. కొత్త పట్టాలు వేయలేదు, నడిపే ఖర్చు కూడా పెద్దగా పెంచలేదు. టేబుల్ మీద మ్యాపు, లెక్కలు, జనంతో ఎన్నో మీటింగులు, ఇంతే.

ఆ లెక్కలు ఎలా ఉంటాయో ఒకటి చూపిస్తాను. ఒక రూటులో బస్సు వెళ్ళి తిరిగి రావడానికి 90 నిమిషాలు పడుతుందనుకో. అరగంటకో బస్సు కావాలంటే మూడు బస్సులు చాలు, 15 నిమిషాలకో బస్సు కావాలంటే ఆరు. ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి ఆ 90 కాస్తా 105 అయింది. అదే 15 నిమిషాల సర్వీసు నిలబెట్టాలంటే ఏడో బస్సు, దానికి రెండు షిఫ్టుల డ్రైవర్లు కావాలి, జనానికి మాత్రం కొత్తగా ఒరిగేది ఏమీ లేదు. డబ్బు లేదంటే ఆరు బస్సులే పదిహేడున్నర నిమిషాలకోసారి వస్తాయి, స్టాపులో జనం పెరుగుతారు, ఎక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది, బస్సు ఇంకా లేటవుతుంది. బస్ లేన్ వేయమని ప్లానర్లు ఎందుకు మొత్తుకుంటారో ఇక్కడ అర్థమవుతుంది. ఆ రంగుపట్టీ విలువ ఒక బస్సు, ఇద్దరు డ్రైవర్ల జీతం. మన ఆర్టీసీ డిపోలో షెడ్యూళ్ళు వేసేవాళ్ళకి ఇవన్నీ వేళ్ళ మీద ఉంటాయి, వాళ్ళు ఓఆర్ అని పిలిచే ఆక్యుపెన్సీ రేషియో, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్న లెక్క అడిగితే రూటు వారీగా చెప్తారు. బీటెక్ సిలబస్‌లో మాత్రం ఈ లెక్క నాకెక్కడా కనిపించలేదు.

ఇక ఉద్యోగాల సంగతి. ఈ పనికి అమెరికాలో మనుషులు కావాలి, కానీ నీకు అక్కడ వచ్చే చిక్కు వీసా దగ్గర. డార్ట్ లాంటి ప్రభుత్వ సంస్థలు విదేశీ విద్యార్థులకు వీసా స్పాన్సర్ చేయడానికి అంతగా ముందుకు రావు. ఫెడరల్ ఉద్యోగాలైతే మామూలుగా సిటిజన్లకే. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది ఏఈకాం, డబ్ల్యూఎస్‌పీ, జేకబ్స్ లాంటి కన్సల్టెన్సీలకి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు, అక్కడే చదువుకుని స్టేటస్ మార్చుకునేవాళ్ళకి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. నువ్వు డిగ్రీ చేతికి తీసుకునేసరికి ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తామన్న కన్సల్టెంట్ దగ్గర్నుంచి లేచి వచ్చేయ్.

కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక్క విషయం మరిచిపోవద్దు. సివిల్ ఇంజనీరింగ్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ అంటే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు, చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే ఏడాది ఓపీటీ మీద ఇంకో 24 నెలలు పని చేసుకోవచ్చు. అర్బన్ ప్లానింగ్ అని పేరున్న డిగ్రీలన్నీ అలా ఉండవు, అప్లై చేసే ముందే యూనివర్సిటీకి మెయిల్ రాసి ఆ కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకో. జీతాలు కూడా సాఫ్ట్‌వేర్‌తో పోల్చకు, అక్కడ సివిల్ ఇంజనీర్ల మధ్యస్థ జీతం ఏడాదికి లక్ష డాలర్లకు కాస్త తక్కువ, ప్లానర్లది 80 వేల పైచిలుకు. 40 లక్షలు అప్పు చేసి వెళ్తే తీర్చుకోగలవు, కానీ మూడేళ్ళలో ఇల్లు కొనాలని మీ నాన్నగారు లెక్కేసుకుంటే కుదరదు.

నన్నడిగితే ఇంకో దారి కూడా గట్టిగా ఆలోచించమంటాను. డాలస్ రోగం మన దగ్గరకి వచ్చేస్తోంది. హైదరాబాద్‌లో 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఊరు ఎలా పాకుతోందో చూస్తున్నావు కదా, మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసేవాళ్ళు అక్కడి నుంచి ఆటో వెతుక్కోవాలి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఇప్పటికీ ఎక్స్‌ప్రెస్ రైళ్ళు, గూడ్సులు పోయే పట్టాల మీద సందు చూసుకుని నడుస్తోంది, అందుకే బయటికి వెళ్ళేముందు టైమ్‌టేబుల్ చూసుకోవాలి. ఇటు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, అటు ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమయ్యాక సీట్లు దొరకడం ఎలా ఉందో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఎక్కేవాళ్ళు ఉన్నారు, లేనిది బస్సులు, లెక్కలు వేసే మనుషులు.

గేట్‌లో సివిల్ పేపర్ రాస్తే వరంగల్ ఎన్ఐటీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజనీరింగ్ ఎంటెక్ ఉంది, నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది, అప్పు అవసరం లేదు. ప్లానింగ్ వైపు మనసుంటే ఢిల్లీ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్‌కి మంచి పేరుంది. ఆ తర్వాత రైల్వే వాళ్ళ కన్సల్టెన్సీ రైట్స్, మెట్రో సంస్థలు, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఢిల్లీ మీరట్ మధ్య నమో భారత్ రైళ్ళు నడిపే ఎన్‌సీఆర్‌టీసీ, ఇందాక చెప్పిన కన్సల్టెన్సీల ఇండియా ఆఫీసులు. ఆ ఆఫీసుల్లో కూర్చుని అమెరికా ప్రాజెక్టులకి పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, రెండుమూడేళ్ళు అలా చేసి వెళ్తే నీ ఎంఎస్ అప్లికేషన్‌కి వచ్చే బరువే వేరు. రైలు సిగ్నలింగ్ మీద ఆసక్తి ఉంటే దానికి సికింద్రాబాద్‌ని మించిన చోటు మనకు లేదు, రైల్వే సిగ్నలింగ్ శిక్షణ సంస్థ ఇరిసెట్ 1957 నుంచి అక్కడే ఉంది, రైళ్ళు ఢీకొనకుండా ఆపే కవచ్ పనికి కూడా అదే ముఖ్య కేంద్రం. కాకపోతే అది ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఎక్కువ కలిసొచ్చే దారి.

డేటా సైన్స్ అన్న మాట వరకు మీ నాన్నగారు సగం కరెక్టు. ప్రపంచంలో చాలా ఊళ్ళ బస్సు టైమింగులు ఇప్పుడు జీటీఎఫ్‌ఎస్ అనే ఒకే పద్ధతిలో ఫైళ్ళుగా దొరుకుతాయి. 2005లో పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టారు, మ్యాప్స్‌లో బస్సు ఎప్పుడొస్తుందో కనిపించేది దానివల్లే. పైథాన్, కాస్త ఎస్‌క్యూఎల్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ వస్తే ఆ ఫైళ్ళతో ఒక ఊరి నాడి మొత్తం పట్టుకోవచ్చు. కాబట్టి ఆయనతో యుద్ధం ఎందుకు, డేటా నేర్చుకుంటాను, బస్సుల మీద నేర్చుకుంటాను అని చెప్పు. రేపు ఈ రంగం నచ్చకపోయినా ఆ చదువు వృథా పోదు, అది విన్నాక ఆయన బీపీ కొంచెం తగ్గుతుంది.

నిర్ణయం తీసుకునే ముందు ఒక నెల ఈ పని చేసి చూడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్టాపులో ఉదయం 8 నుంచి 10 దాకా నాలుగు రోజులు నిలబడి, ఒకే రూటు బస్సులు ఎన్నింటికి వచ్చాయో, ఎంతమంది ఎక్కలేక ఉండిపోయారో నోటుబుక్కులో రాసుకో. ఎండ, దుమ్ము, కాలేజీ ఫ్రెండ్స్ చూసి నవ్వడం అన్నీ ఉంటాయి. రెండోరోజుకే విసుగొస్తే నాకు నిజాయితీగా రాయి, వేరే దారి చూద్దాం. విసుగు రాకపోతే డార్ట్ వాళ్ళ జీటీఎఫ్‌ఎస్ ఫైలు దించుకో, ఉచితమే, అందులో 15 నిమిషాలకో సర్వీసు ఉన్న స్టాపులు ఒక రంగులో, మిగతావి ఇంకో రంగులో మ్యాపు మీద పెట్టు, ఫ్రిస్కో దగ్గరకి వచ్చేసరికి చుక్కలు ఎక్కడ ఆగిపోతాయో చూడు.

ఆ మ్యాపు మీ నాన్నగారికి చూపించు. ఎంఎస్ అప్లికేషన్‌తో పంపే ఎస్‌ఓపీ (నీ ఉద్దేశం చెప్పే వ్యాసం) రాసేటప్పుడు మీ అమ్మగారి ఆరు నెలల కథ ఒక్క పేరాలో ముగించి, మిగతాదంతా ఆ ఒక్క సెంటు గురించి, బెంజ్ సర్కిల్ నోటుబుక్కు గురించి రాయి. డ్రాఫ్టు నాకు పంపు. ఇంగ్లిష్ నేను దిద్దను, లెక్కలు మాత్రం చూసి పెడతాను.